రాయిలోని రాగిని నీళ్లలోకి ఎలా దింపుతారు?

లోహశాస్త్రం పాఠంలో రాగి గురించి ఒక ముక్క వస్తుంది. రాగి శాతం తక్కువగా ఉన్న ఖనిజాన్ని ఆమ్లంతోనో బాక్టీరియాతోనో కరిగించి, ఆ ద్రావణంలో తుక్కు ఇనుము వేసి రాగిని రాబడతారని చెప్పి పాఠం ముందుకు సాగిపోతుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లకు అది లీలగానైనా గుర్తుంటుంది. మనసు పెట్టి చదివే పిల్లలకు మాత్రం అక్కడే సందేహాలు మొదలవుతాయి. ఆమ్లం పోస్తే కరిగేదైతే వెయ్యి డిగ్రీలు దాటి మండే కొలిములు దేనికి? కరగనిదైతే బాక్టీరియా వచ్చి చేసేదేమిటి? అది రాయిని తింటుందా? ఈ సందేహాలన్నిటికీ మూలం ఒకటే. రాయిలో గంధకం పట్టుకుని ఉన్న ఎలక్ట్రాన్లను ఎవరు, ఎంత త్వరగా పట్టుకెళ్తారన్నది తేలితే, మిగతావన్నీ దాని వెంటే తేలతాయి.

ఆమ్లం పోస్తే రాగి కరగదా?

కొన్ని రాళ్లలోది కరుగుతుంది. మలకైట్ అనే ఆకుపచ్చటి రాగి ఖనిజం మీద పలచటి గంధకికామ్లం పోయండి. బుసబుసమని నురగ వస్తుంది, కాసేపటికి నీళ్లు నీలమవుతాయి. ఆ నీలం మనకు కొత్తదేమీ కాదు. కొట్టులో అమ్మే మైలుతుత్తం అదే. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసి తోటలకు కొట్టేది అదే. మలకైట్‌లో రాగి అప్పటికే తన ఎలక్ట్రాన్లను రెంటిని వదులుకుని, ఆక్సిజన్ పక్కన కూర్చుని ఉంటుంది. ఆమ్లం వచ్చి ఆ ఆక్సిజన్‌ను నీళ్లుగా మార్చేస్తే రాగికి ఇక అడ్డు లేదు. ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లతో పనే పడలేదు కాబట్టి ఈ పని సులువు.

సల్ఫైడ్ ఖనిజాల్లో అలా జరగదు. అక్కడ రాగిని పట్టుకున్నది గంధకం, గంధకం దగ్గర ఎలక్ట్రాన్లు నిండుగా ఉన్నాయి. ఆ ఎలక్ట్రాన్లను లాక్కుని గంధకాన్ని వట్టి గంధకంగా మార్చితే తప్ప రాగి బయటికి రాదు. పలచటి గంధకికామ్లానికి ఎలక్ట్రాన్లు లాక్కునే శక్తి లేదు. నెలల తరబడి నానబెట్టినా రాయి రాయిలాగే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌కు ఆ శక్తి ఉంది గానీ, మామూలు వేడిలో దాని పని మహా నెమ్మది.

భూమిలో ఉన్న రాగిలో ఎక్కువ భాగం ఈ సల్ఫైడ్ల రూపంలోనే ఉంది. అందులోనూ సింహభాగం చాల్కోపైరైట్‌ది. ఇత్తడి రంగులో మెరుస్తుంది, తెలియనివాళ్లు బంగారమనుకుంటారు. ఒక రాగి పరమాణువు, ఒక ఇనుము, రెండు గంధకాలు కలిసిన ఖనిజం ఇది. బరువులో మూడో వంతుకు కాస్త పైన, 34.6 శాతం, రాగే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది గానీ, గనిలోంచి తవ్విన రాయంతా చాల్కోపైరైట్ కాదు. రాగి అర శాతం ఉన్న రాయిని టన్ను తీసుకుంటే అందులో రాగి 5 కిలోలు. చాల్కోపైరైట్ లెక్కన చూస్తే 14, 15 కిలోలు. మిగతా 985 కిలోలు వట్టి రాయి.

మరి కొలిమిలో వేయడానికేం?

వేస్తారు. ప్రపంచంలో రాగి ఎక్కువగా ఆ దారిలోనే వస్తోంది. రాయిని మెత్తగా పిండి చేసి, నురగలో తేల్చి, 25 నుంచి 30 శాతం రాగి ఉన్న పొడిగా చిక్కబరిచి, 1,200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. చిక్కు ఎక్కడంటే, రాయిని పిండి చేయడానికయ్యే కరెంటు ఖర్చు రాయి మొత్తానికీ పడుతుంది, రాబడి మాత్రం అందులోని రాగికే వస్తుంది. రాగి పావు శాతమో ఇంకా తక్కువో ఉంటే లెక్క కుదరదు. అలాంటి రాయిని గని పక్కన గుట్టలు గుట్టలుగా పోసి వదిలేస్తారు. కరిగించే పద్ధతి అలాంటి గుట్టలకు పనికొస్తుంది.

కొలిమికి ఇంకో బాకీ ఉంది, పొగ. గంధకం కాలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. నేటి కొలిముల్లో ఆ వాయువును పట్టి గంధకికామ్లం తయారుచేస్తారు. పాతరోజుల్లో ఊరి మీదికి వదిలేసేవాళ్లు. స్పెయిన్ దక్షిణాన హుయెల్వా ప్రాంతంలో రియో టింటో గనులున్నాయి. 1873లో బ్రిటిష్ పెట్టుబడితో పుట్టిన కంపెనీ వాటిని కొన్నది. అక్కడ ఖనిజాన్ని కట్టెల మీద కుప్పలు పోసి ఆరుబయటే నెలల తరబడి మగ్గబెట్టేవాళ్లు. గంధకం కొంత పొగై పోయేది, రాగి కొంత సల్ఫేటుగా మారేది. తర్వాత నీళ్లు పోసి ఆ సల్ఫేటును కడిగి, ఇనుము వేసి రాగి తీసేవాళ్లు. ఆ పొగకు పైర్లు మాడిపోయాయి, జనానికి ఊపిరాడలేదు. 1888 ఫిబ్రవరి 4న గని కార్మికులు, రైతులు కలిసి ఊరి చావడి దగ్గరికి వచ్చి పొగ ఆపమని అడిగారు. సైనికులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్నది నేటికీ తేలని వివాదం. రాగి చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం ఇదే. ఆ గనుల్లోనే కాల్చని ఖనిజాన్ని కుప్పపోసి నీళ్లు చల్లి ఊరుకుంటే, ఆలస్యంగానైనా రాగి నీళ్లలోకి దిగేది. ఎందుకు దిగుతోందో మాత్రం అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ గనుల మధ్య నుంచి పారే రియో టింటో నది నీళ్లు ఎర్రగా, నిమ్మరసమంత పుల్లగా ఎందుకుంటాయో కూడా తెలియదు. రెంటికీ కారణం ఒకటే.

ఎలక్ట్రాన్లను పట్టుకెళ్లేది ఎవరు?

ఇనుము. నీళ్లలో కరిగిన ఇనుముకు రెండు రూపాలున్నాయి. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది ఫెర్రస్, లేత ఆకుపచ్చ రంగు. మూడు పోగొట్టుకున్నది ఫెర్రిక్, ఎర్రటి గోధుమ రంగు. ఫెర్రిక్‌కు ఇంకో ఎలక్ట్రాన్ దొరికితే చాలు, తీసుకుని ఫెర్రస్‌గా మారిపోతుంది. కాబట్టి రాగి సల్ఫైడ్‌ను ఫెర్రిక్ సల్ఫేట్ కలిసిన పుల్లటి నీళ్లలో పెడితే, ఇనుము గంధకం దగ్గరున్న ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లాక్కుంటుంది. గంధకం పసుపుపచ్చ పొడిగా మిగులుతుంది, రాగి నీళ్లలోకి దిగుతుంది.

ఇక్కడ లెక్క చూడండి. చాల్కోసైట్ అని ఇంకో సల్ఫైడ్ ఉంది, అందులో రెండు రాగి పరమాణువులకు ఒక గంధకం. నాలుగు ఫెర్రిక్‌లు కలిస్తే రెండు రాగి పరమాణువులూ బయటపడతాయి. మొదటి సగం తొందరగా వచ్చేస్తుంది, మిగిలింది నీలిమందు రంగు ఖనిజంగా మారి నింపాదిగా కరుగుతుంది. చాల్కోపైరైట్‌లో అదే నాలుగు ఫెర్రిక్‌లు పెడితే వచ్చేది ఒక్క రాగి పరమాణువే. పైగా దానిలోని ఇనుము కూడా నీళ్లలోకి దిగుతుంది కాబట్టి, నాలుగు ఫెర్రిక్‌లు పెట్టుబడి పెడితే ఐదు ఫెర్రస్‌లు చేతికొస్తాయి. చాల్కోపైరైట్ మీద పనిచేసేవాళ్లకు ఈ ఇనుము తలనొప్పి ఎప్పుడూ ఉండేదే.

ఎలక్ట్రాన్ తీసుకున్న ఇనుము ఫెర్రస్‌గా మారిపోయింది, ఇక దానివల్ల పని జరగదు. ఇనుము ఇక్కడ బాడుగ బండి. సరుకు ఎక్కించుకున్న బండి ఎక్కడో దింపి ఖాళీగా తిరిగి రావాలి. దింపాల్సిన చోటు ఆక్సిజన్. ఈ దింపుడు పని పుల్లటి నీళ్లలో తనంతట తాను జరగాలంటే ఏళ్లు పడుతుంది. మొత్తం వ్యవహారం ఆగిపోయేది ఇక్కడే.

బాక్టీరియా రాయిని తింటుందా?

తినదు. అది బతికేది ఆ దింపుడు పని మీద. ఫెర్రస్ నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది, ఆ మార్పిడిలో పుట్టే కాస్త శక్తితో ప్రాణం నిలబెట్టుకుంటుంది. ఒళ్లు పెంచుకోవడానికి కావలసిన కార్బన్‌ను గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచే తీసుకుంటుంది. ఒక్కో ఎలక్ట్రాన్ మీద దక్కే శక్తి అత్యల్పం కాబట్టి, కడుపు నిండాలంటే అది ఇనుమును కుప్పలుతెప్పలుగా మార్చాలి. దాని ఆకలే మనకు లాభం. ఇది లేనప్పటితో పోలిస్తే ఫెర్రిక్ తయారయ్యే వేగం లక్షల రెట్లు పెరుగుతుంది.

1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బొగ్గుగనుల నుంచి పారే నీళ్లు ఎందుకు పుల్లబడుతున్నాయో వెతుకుతూ దీన్ని పట్టుకున్నారు. ఇప్పుడు దాని పేరు అసిడిథియోబాసిలస్ ఫెర్రోఆక్సిడాన్స్. 30 డిగ్రీల వేడి, పీహెచ్ రెండు దరిదాపుల పులుపు దానికి హాయి. 1950లలో యూటాలోని బింగ్హమ్ కాన్యన్ రాగిగని గుట్టల నుంచి కారే నీళ్లలోనూ అది కనిపించింది. ఆ గని కంపెనీ కెన్నెకాట్ 1958లో బాక్టీరియాతో ఖనిజం కరిగించే పద్ధతికి పేటెంటు తీసుకుంది. అంటే రియో టింటో కుప్పల్లో రాగిని దించినదీ, నదిని ఎర్రగా చేసినదీ ఈ జీవులే. మనిషి వాటిని చూడకముందు నుంచే పనిలో ఉన్నాయి.

దీనికి తోడు ఇంకొన్ని ఉన్నాయి. లెప్టోస్పిరిల్లమ్ ఇనుము మీద మాత్రమే బతుకుతుంది. అసిడిథియోబాసిలస్ థియోఆక్సిడాన్స్ మిగిలిపోయిన గంధకాన్ని గంధకికామ్లంగా మారుస్తుంది, అంటే కుప్పకు కావలసిన ఆమ్లంలో కొంత అక్కడికక్కడే పుడుతుంది. కొన్ని బాక్టీరియాలు ఖనిజాన్ని అంటిపెట్టుకుని జిగురుపొర కట్టుకుని ఉంటాయి. అందుకే అవి రాయిని నేరుగా కొరుకుతాయా అని చాలాకాలం వాదన నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట, అంటుకున్నవి చేసేదీ ఫెర్రిక్ తయారీయే, కాకపోతే ఖనిజం ముంగిట్లో చేస్తాయి.

కుప్పను ఎలా కడతారు?

కుప్ప అనగానే రాయిని పోసి నీళ్లు చల్లడమే అనుకుంటాం. నిజానికి నైపుణ్యమంతా కుప్ప కట్టడంలోనే ఉంది. చిలీ దేశం దీన్ని ఒక విద్యగా సాధించింది. శాంటియాగో దగ్గరి లో అగిరే గనిలో 1980లో పెద్ద ఎత్తున మొదలైంది. 1994లో క్వెబ్రాడా బ్లాంకా గని ఇదే పనిని 4,400 మీటర్ల ఎత్తున, పలచటి గాలిలో, చలిలో చేసి చూపించింది.

రాయిని అరంగుళం, ముప్పావు అంగుళం ముక్కలుగా పగలగొడతారు. పగిలేటప్పుడు వచ్చిన దుమ్ము అలాగే ఉంటే నీళ్లు దిగే సందులను పూడ్చేస్తుంది. ఆ చోట నీళ్లు ఒక వాటంగా కాలువ కట్టి దిగిపోతాయి, పక్కనున్న రాయి ఎండిపోయి ఉండిపోతుంది. అందుకని తిరిగే పెద్ద డ్రమ్ములో రాళ్లను వేసి ఆమ్లం, నీళ్లు చిలకరిస్తారు. దుమ్ము పెద్ద ముక్కలకు అంటుకుని గట్టిపడుతుంది. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, దానిపైన నీళ్లు పట్టే గొట్టాలు, గాలి ఊదే గొట్టాలు వేసి, ఆ రాయిని ఆరు నుంచి పది మీటర్ల ఎత్తున పోస్తారు. పైన డ్రిప్పు పైపులు పరుస్తారు. మన అనంతపురం చీనీ తోటల్లో కనిపించే తరహావే. చదరపు మీటరుకు గంటకు ఐదు నుంచి పది లీటర్ల పుల్లటి నీళ్లు మాత్రమే వదులుతారు.

అంత పొదుపుగా ఎందుకు? కుప్పలోని సందుల్లో నీళ్లూ ఉండాలి, గాలీ ఉండాలి. నీళ్లు నిండిపోతే గాలికి చోటుండదు, గాలి లేకపోతే బాక్టీరియాకు ఎలక్ట్రాన్లు అప్పగించడానికి ఆక్సిజన్ ఉండదు. రాయి పైన పలచటి నీటి పొర, పక్కనే గాలి కదలిక, ఈ రెండూ కలిసిన చోటే పని జరుగుతుంది. రాయి ముక్కను మధ్యకు పగలగొట్టి చూస్తే ఆ సంగతి కళ్లకు కడుతుంది. అంచుల వెంట, పగుళ్ల వెంట ఖనిజం పోయి తుప్పు రంగు మరక ఉంటుంది. లోపల పగులు అందని రేణువులు నల్లగా, మెరుస్తూ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ద్రావణం అక్కడిదాకా చేరాలంటే నెలలు కావాలి. చాల్కోసైట్ కుప్పలో ఏడాది, ఏడాదిన్నరలో మూడొంతులకు పైగా రాగి వచ్చేస్తుంది. అడుగున కారే నీళ్లలో లీటరుకు ఒకటి నుంచి ఆరు గ్రాముల దాకా రాగి ఉంటుంది.

అంత పలచటి నీళ్లలోంచి రాగిని ఎలా పట్టాలి?

పాత పద్ధతి ఇనుము. మైలుతుత్తం కరిగించిన నీళ్లలో శుభ్రంగా రుద్దిన ఇనుప మేకు వేసి చూడండి. నిమిషాల్లో దాని మీద ఎర్రటి పూత పుడుతుంది, గంటల్లో అది మెత్తగా ఊడిపోయే పొరలా పేరుకుంటుంది, నీళ్ల నీలం పలచబడుతుంది. ఇనుము తన ఎలక్ట్రాన్లను రాగికిచ్చి తాను నీళ్లలోకి దిగిపోతుంది. చైనాలో సాంగ్ వంశం కాలంలో, అంటే 11వ శతాబ్దంలోనే, గనుల దగ్గరి నీలి ఊటల్లో ఇనుప రేకులు పెట్టి ఇలా రాగి తీసి నాణేలకు వాడారు. లెక్క ప్రకారం టన్ను రాగికి ఇనుము 880 కిలోలు చాలు. వాస్తవంలో ఫెర్రిక్, ఆమ్లం కూడా ఇనుమును తినేస్తాయి కాబట్టి దానికి రెట్టింపో అంతకుమించో పోతుంది. పైగా వచ్చిన రాగి శుద్ధమైనది కాదు, మళ్లీ కొలిమికి వెళ్లాల్సిందే. పాఠంలో చెప్పే తుక్కు ఇనుము పద్ధతి ఇదే. నా ఉద్దేశంలో పాఠం ఇప్పటికైనా దీన్ని దాటి ముందుకు రావాలి, ఎందుకంటే గనులు దాన్ని వదలడం మొదలుపెట్టి అర్ధ శతాబ్దం దాటింది.

మార్పు తెచ్చింది ఒక నూనె. అమెరికాలో గోధుమపిండి, అల్పాహారపు తిండ్లు అమ్మే జనరల్ మిల్స్ కంపెనీ రసాయన విభాగం 1960లలో ఆక్సైమ్ జాతి పదార్థం ఒకటి తయారుచేసింది. కిరోసిన్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. పులుపు తక్కువగా ఉన్నప్పుడు రాగిని పట్టుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను నీళ్లలోకి వదులుతుంది. పులుపు ఎక్కువగా ఉన్నచోటికి తీసుకెళ్తే రాగిని వదిలేసి హైడ్రోజన్‌ను తీసుకుంటుంది. ఇనుమును దాదాపుగా ముట్టుకోదు. పెద్ద తొట్టెలో కుప్ప నీళ్లనూ ఈ కిరోసిన్‌నూ గిలక్కొట్టి వదిలేస్తే, కాసేపటికి కిరోసిన్ పైకి తేలుతుంది, దాంతోపాటే రాగి. దాన్ని మరో తొట్టెలో లీటరుకు 180 గ్రాముల దాకా గంధకికామ్లం ఉన్న ద్రావణంతో కలిపితే రాగి అందులోకి దిగుతుంది. లీటరుకు రెండు మూడు గ్రాములున్న మురికి నీళ్ల రాగి, లీటరుకు 45 గ్రాముల పైచిలుకు ఉన్న శుభ్రమైన నీలి ద్రావణంగా మారుతుంది. రాగి పోయిన నీళ్లు, తిరిగి సంపాదించుకున్న ఆమ్లంతో సహా, మళ్లీ కుప్ప మీదికి వెళ్తాయి. 1968లో అరిజోనాలోని బ్లూబర్డ్ గనిలో ఇది మొదటిసారి వ్యాపారస్థాయిలో పనిచేసింది.

చివరి అడుగు కరెంటు. ఆ నీలి ద్రావణంలో సీసపు ఆనోడ్లు, స్టెయిన్‌లెస్ స్టీలు కాథోడ్ పలకలు దించి రెండు వోల్టులు ఇస్తారు. వారం రోజుల్లో పలకకు రెండు వైపులా రాగి పేరుకుంటుంది. బయటికి తీసి స్టీలు పలకను కాస్త వంచితే రాగి రేకు ఫట్‌మని విడివడుతుంది. 99.99 శాతం శుద్ధమైన రాగి, నేరుగా తీగ లాగే ఫ్యాక్టరీకి వెళ్లొచ్చు. కొలిమి ఎక్కడా లేదు.

కరెంటు మాత్రం బాగా తాగుతుంది, టన్ను రాగికి సుమారు రెండు వేల యూనిట్లు. కొలిమి రాగిని కరెంటుతో శుద్ధి చేయడానికి మూడు, నాలుగు వందల యూనిట్లే పడుతుంది. ఆ పద్ధతిలో ఆనోడూ రాగే. ఒక వైపు కరిగిన రాగి రెండోవైపు చేరుతుంది కాబట్టి మొత్తం మీద ఖర్చు తక్కువ. ఇక్కడ ఆనోడ్ దగ్గర కరగడానికి రాగి లేదు, నీళ్లనే విడగొట్టి ఆక్సిజన్‌ను బయటికి పంపాలి. ఆ కరెంటుకు ప్రతిఫలం కూడా ఉంది. టన్ను రాగి పలక మీదికి చేరినప్పుడల్లా టన్నున్నర గంధకికామ్లం ద్రావణంలో మళ్లీ పుడుతుంది, అది కిరోసిన్ నుంచి రాగిని దించడానికి పనికొస్తుంది.

చాల్కోపైరైట్ ఎందుకు మొండికేస్తుంది?

ఇంతవరకు చెప్పిన కుప్పల విజయమంతా మలకైట్ వంటి, గనివాళ్లు ఆక్సైడ్లని పిలిచే ఖనిజాలది, చాల్కోసైట్‌ది. అన్నిటికన్నా ఎక్కువున్న చాల్కోపైరైట్ మాత్రం నేటికీ లొంగలేదు. ఫెర్రిక్ ద్రావణంలో వేస్తే మొదట్లో ఆశ పుట్టేలా కరుగుతుంది. తర్వాత వేగం పడిపోతుంది, లోపల రాగి ఇంకా బోలెడు ఉండగానే ఆగిపోయినంత పనవుతుంది. మామూలు వేడిలో కుప్పలో పోస్తే పావు వంతు రాగి రావడమే గగనం. పైపొర గీకితే మళ్లీ కాసేపు కరుగుతుంది. అంటే ఏదో పొర కప్పేస్తోంది.

ఆ పొర ఏమిటన్న దాని మీద దశాబ్దాలుగా వాదన ఉంది. మిగిలిపోయిన గంధకమే అడ్డుపడుతోందని కొందరు. అధికమైన ఇనుము జారోసైట్ అనే పసుపు రంగు ఉప్పుగా గడ్డకట్టి సందులు మూస్తోందని కొందరు. ఖనిజం నుంచి ఇనుము ముందుగా, రాగి వెనకగా వెళ్లిపోవడం వల్ల పైన గంధకం ఎక్కువైన కొత్త సల్ఫైడ్ పొర ఏర్పడి ఎలక్ట్రాన్లను కదలనివ్వడం లేదని ఇంకొందరు. నాకు మూడోదే బలంగా అనిపిస్తుంది. జారోసైట్ ఏర్పడే అవకాశం లేని ద్రావణాల్లోనూ చాల్కోపైరైట్ నెమ్మదిస్తుంది కాబట్టి తప్పు బయటి ఉప్పుది మాత్రమే అయుండదు. చాల్కోపైరైట్ అర్ధవాహకం. దాని ఎలక్ట్రాన్లు పైకి వచ్చి ఫెర్రిక్‌ను చేరాలి, పైపొర మారితే దారి ఇరుకవుతుంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఫెర్రిక్ ఎంత ఎక్కువుంటే అంత త్వరగా కరగాలని ఎవరైనా అనుకుంటారు. చాల్కోపైరైట్ విషయంలో ఒక హద్దు దాటాక ఫెర్రిక్ పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. జపాన్ పరిశోధకులు 2000 ప్రాంతంలో దీనికో వివరణ ఇచ్చారు. ఫెర్రస్ ఇనుము, కరిగిన రాగి రెండూ తగినంత ఉన్న ద్రావణంలో చాల్కోపైరైట్ ముందు చాల్కోసైట్‌గా మారుతుంది, చాల్కోసైట్ సులువుగా కరుగుతుంది. ఫెర్రిక్ మితిమీరితే ఆ మధ్య మెట్టు ఉండదు. దీన్ని బట్టి చూస్తే, ఉన్న ఫెర్రస్‌నంతా ఫెర్రిక్‌గా మార్చే బాక్టీరియా తన పని మరీ బాగా చేయడం వల్లే చాల్కోపైరైట్‌కు అడ్డమవుతుంది. అందుకే గాలి తగ్గించి బాక్టీరియాను అదుపులో పెట్టే ప్రయోగాలు కూడా జరిగాయి.

వేడి పెంచడం ఇంకో దారి. 65 నుంచి 80 డిగ్రీల్లో హాయిగా బతికే సల్ఫోలోబస్ వంటి ఆర్కియా జీవులున్నాయి. ఆ వేడిలో చాల్కోపైరైట్ మెత్తబడుతుంది. 2000ల తొలినాళ్లలో చిలీలోని చుకికమాటా దగ్గర వేడి తొట్టెల్లో వీటితో ఏడాదికి 20 వేల టన్నుల రాగి తీసే నమూనా ప్లాంటు కట్టారు. పనిచేసింది గానీ విస్తరించలేదు. అరిజోనాలోని బగ్దాద్ గనిలో 2003లో జీవులతో పని లేకుండా, బిగించిన పాత్రలో 220 డిగ్రీలు దాటిన వేడిలో ఆక్సిజన్ ఒత్తిడితో కరిగించారు. అందులో గంధకమంతా గంధకికామ్లంగా మారిపోతుంది. పక్కనే ఆమ్లం కావలసిన కుప్పలుంటే లాభం, లేకుంటే దాన్ని సున్నంతో చంపడమే పెద్ద ఖర్చు. ఉప్పునీళ్లు వాడితే గంధకం పొర గుల్లబారి దారి ఇస్తుంది. మంచినీళ్లకు కటకటలాడే అటకామా ఎడారి గనులకు ఇది రెండు విధాల లాభం. కొద్దిపాటి వెండి కలిపితే కరగడం అమాంతం పెరుగుతుందని ఏనాడో తెలుసు, వెండి తిరిగి రాబట్టుకోలేకపోవడమే చిక్కు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం చాల్కోపైరైట్‌కు పైరైట్ (ఇనుము సల్ఫైడ్) పొడిని ఆనించి చూసింది. ఎలక్ట్రాన్లు చాల్కోపైరైట్ నుంచి పైరైట్‌లోకి పారి, దాని పైతలం మీద ఫెర్రిక్‌ను చేరతాయి, మూసుకుపోయిన దారికి పక్కదారి దొరికినట్లవుతుంది. అరిజోనాలోని పింటో వ్యాలీ గని గుట్టల మీద 2019 నుంచి జెట్టి అనే కంపెనీ కొత్త ఉత్ప్రేరకంతో పని చేస్తోంది.

ఈ హడావిడికి వ్యాపార కారణం ఒకటుంది. చిలీలో పైనున్న ఆక్సైడ్, చాల్కోసైట్ పొరలు తరిగిపోతున్నాయి, అడుగున మిగిలేది చాల్కోపైరైట్. కిరోసిన్ తొట్టెలు, కరెంటు గదులు కట్టి సిద్ధంగా ఉన్నాయి, వాటికి తగిన నీలి నీళ్లే కరువవుతున్నాయి.

మన దగ్గర?

హిందుస్థాన్ కాపర్ తవ్వే మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్‌లోనూ ప్రధానంగా ఉన్నది చాల్కోపైరైటే. అక్కడి తక్కువ శాతం రాయి మీద భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ (ఐఎంఎంటీ) పరిశోధకులు బాక్టీరియాతో చాలా పని చేశారు. వాళ్లకూ ఎదురైంది ఇదే గోడ. తెలుగు నేల మీద వినుకొండ దగ్గరి అగ్నిగుండాల పట్టీలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మైలారంలో రాగి సల్ఫైడ్లు ఉన్నాయి. పరిమాణం చిన్నది.

పొగ లేదు కాబట్టి ఇది శుభ్రమైన పద్ధతేనా?

పొగ లేకపోవడం పెద్ద మేలే, రియో టింటో ప్రజలకు తెలుసు. కానీ కుప్పలో మనం కోరి చేయించే రసాయన చర్య, వదిలేసిన గనిలో మన ప్రమేయం లేకుండా జరుగుతుంది. నీరు, గాలి, సల్ఫైడ్, బాక్టీరియా నాలుగూ ఉంటే చాలు. అమెరికాలో మొంటానా రాష్ట్రం బ్యూట్ పట్టణంలో బర్క్‌లీ పిట్ అనే గని ఉంది. 1982లో నీళ్లు తోడే పంపులు ఆపేశారు. గొయ్యి పుల్లటి, లోహాలు కరిగిన నీళ్లతో నిండుతూ వచ్చింది. 1995 నవంబరులో వలస వెళ్తున్న మంచు బాతుల గుంపు ఆ నీళ్ల మీద వాలింది. 342 బాతులు చచ్చి తేలాయి. విచిత్రమేమిటంటే, ఆ నీళ్లలోంచే కొన్నేళ్లపాటు తుక్కు ఇనుముతో రాగి తీశారు కూడా.

అందువల్ల ప్లాస్టిక్ పట్టా చిరగకుండా చూడటం, పని అయిపోయాక కుప్పను కడగడం, మిగిలిన పైరైట్‌కు గాలి, నీరు తగలకుండా కప్పడం, కారే నీళ్లను సున్నంతో తటస్థం చేయడం ఈ పద్ధతిలో భాగాలే. వాటి ఖర్చు రాగి ధరలో కలపాలి. చాల్కోపైరైట్‌ను కరిగించామని ఏ కంపెనీ ప్రకటించినా నేను నాలుగు విషయాలు చూస్తాను: ఎన్ని రోజుల్లో, ఎంత శాతం రాగి, టన్నుకు ఎంత ఆమ్లం, అది గాజు గొట్టంలోనా లేక పది మీటర్ల కుప్పలోనా. గాజు గొట్టంలో 80 శాతం వచ్చిన పద్ధతి కుప్పలోకి వచ్చేసరికి చలికి, దుమ్ముకి, ఎండిన మూలలకి సగానికి పడిపోవచ్చు. కుప్పలో కనీసం ఏడాది నడిచాక వచ్చిన అంకెనే నేను లెక్కలోకి తీసుకుంటాను.